మీకు తెలుసా? మెటాలికా పేచీలన్నీ పాటల్లోనే ఉన్నాయి

బ్యాండ్ అన్నాక గొడవలు మామూలే. బీటిల్స్ విడిపోయారు, పింక్ ఫ్లాయిడ్ వాళ్లు కోర్టుకెక్కారు. అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా దారి కాస్త వేరు. వీళ్లెప్పుడు ఎవరితో ఎందుకు తగాదా పడ్డారో తెలుసుకోవడానికి పాత పత్రికలు తిరగేయనక్కర్లేదు. రికార్డు పెట్టి చెవి ఒగ్గితే చాలు. కొన్ని తగాదాలు పాటలో వినిపిస్తాయి, ఒకటి మాత్రం ఏమీ వినిపించకపోవడం వల్ల తెలుస్తుంది. దాని సంగతి కాసేపట్లో.

బ్యాండ్ లేదు, రికార్డులో చోటు మాత్రం ఉంది

డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్‌ది డెన్మార్క్. తండ్రి టోర్బెన్ ఉల్రిక్ డేవిస్ కప్ ఆడిన టెన్నిస్ ఆటగాడు. కొడుకునూ అదే బాటలో పెడదామని 1980లో కాలిఫోర్నియాకు మకాం మార్చారు. కొడుకేమో రాకెట్ పక్కన పడేసి డ్రమ్ముల కర్రలు అందుకున్నాడు. 1981లో లాస్ ఏంజెలెస్‌లో 'ద రీసైక్లర్' అనే పత్రికలో చిన్న ప్రకటన వేశాడు. మెటల్ వాయించేవాళ్లు కావాలన్నది దాని సారాంశం. జేమ్స్ హెట్‌ఫీల్డ్ అనే మితభాషి అది చూసి వచ్చాడు.

తొలి సమావేశం అభాసుపాలైంది. లార్స్ సింబల్ దెబ్బ పడినప్పుడల్లా ఒరిగిపోయేది. వాయించడం ఆపి దాన్ని లేపి నిలబెట్టి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. ఇతగాడితో అయ్యే పని కాదనుకుని హెట్‌ఫీల్డ్ వెళ్లిపోయాడు. అయితే లార్స్ దగ్గర వాయిద్యం కంటే గట్టి ఆయుధం ఒకటుంది, నోరు. బ్రయాన్ స్లేగెల్ అనే మిత్రుడు కొత్త మెటల్ బ్యాండ్లతో 'మెటల్ మాసకర్' అనే రికార్డు వేస్తున్నాడని తెలిసి, తన బ్యాండ్‌కూ ఒక పాట చోటు అడిగి పుచ్చుకున్నాడు. అప్పటికి బ్యాండే లేదు! చోటు ఖాయం చేసుకున్నాక హెట్‌ఫీల్డ్‌కు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి కాదనడానికి కారణం లేకపోయింది. 1982లో ఆ రికార్డు వచ్చినప్పుడు మొదటి ముద్రణలో బ్యాండ్ పేరు అచ్చుతప్పుతో పడింది, 'టి' అక్షరం ఒకటి ఎక్కువగా.

పేరు కూడా లార్స్ సంపాదించిందే. రాన్ క్వింటానా అనే స్నేహితుడు తను పెట్టబోయే పత్రికకు పేర్ల జాబితా రాసుకుని లార్స్‌కు చూపించాడు. అందులో 'మెటాలికా' లార్స్ కంటబడింది. పత్రికకు 'మెటల్ మేనియా' బాగుంటుందని సలహా ఇచ్చి, మెటాలికాను తను ఉంచేసుకున్నాడు.

ఇద్దరి స్వభావాల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. లార్స్‌ది పుస్తకాలు, జాజ్ సంగీతం, దేశదేశాల అతిథులతో కళకళలాడిన ఇల్లు. హెట్‌ఫీల్డ్ తండ్రి లారీ డ్రైవరు, కొడుక్కి 13 ఏళ్లప్పుడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి క్రిస్టియన్ సైన్స్ అనే మతశాఖను నమ్మి, మందులకు దూరంగా ఉండి, క్యాన్సర్‌తో కన్నుమూసింది. అప్పుడు అతనికి 16 ఏళ్లు. ఒకడు గంటలు గంటలు మాట్లాడతాడు, రెండోవాడు లోపలే కుములుతాడు. తర్వాత నలభై ఏళ్ల కథంతా వీళ్లిద్దరి మధ్యే నడిచింది. మధ్యలో నలిగింది మిగతావాళ్లు.

కుక్కను తన్నినందుకు

మెగాడెత్ నాయకుడు డేవ్ మస్టేన్ మొదట మెటాలికాలో లీడ్ గిటారిస్టు. వేళ్లెంత చురుకో చేతులూ అంతే చురుకు. ఒకసారి అతని కుక్క, అప్పటి బేస్ గిటారిస్టు రాన్ మెక్‌గవ్నీ కారు మీద కాళ్లు పెట్టింది. హెట్‌ఫీల్డ్ దాన్ని తన్నాడు. మస్టేన్ హెట్‌ఫీల్డ్ మొహం మీద గుద్దాడు. మరోసారి మెక్‌గవ్నీ బేస్ గిటారులో బీరు ఒంపేశాడు. మెక్‌గవ్నీ 1982 చివర్లో దండం పెట్టి వెళ్లిపోయాడు.

అతని చోటికి వచ్చిన క్లిఫ్ బర్టన్ కోసమైతే బ్యాండ్ ఊరే మారింది. క్లిఫ్ బేస్ వాయిస్తుంటే లార్స్, హెట్‌ఫీల్డ్ అది లీడ్ గిటార్ అనుకున్నారట! రమ్మని బతిమాలితే, లాస్ ఏంజెలెస్‌కు రాను, మీరే శాన్‌ఫ్రాన్సిస్కో వైపు రండి అన్నాడు. వీళ్లు సామాను సర్దుకుని 1983 మొదట్లో ఎల్ సెరీటోకు మారిపోయారు.

అక్కణ్నుంచి కొద్ది వారాలకే రికార్డింగ్ కోసం దేశం ఆ చివర న్యూయార్క్‌కు బండి కట్టారు. అక్కడ ఏప్రిల్ 11 ఉదయం మస్టేన్‌ను నిద్ర లేపి, నువ్విక బ్యాండ్‌లో లేవని చెప్పారు. తాగుడు, మత్తుమందులు, కొట్లాటలు కారణం. విమానం ఎన్నింటికని అడిగితే చేతిలో గ్రేహౌండ్ బస్సు టికెట్ పెట్టారు. న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకు సుమారు నాలుగు రోజుల ప్రయాణం. ముందుగా ఒక్కసారైనా హెచ్చరించలేదన్న బాధ మస్టేన్‌ను దశాబ్దాలు వదల్లేదు. న్యాయం అతని వైపు ఎంతుందో గానీ, తాగుబోతుతనానికి బయటికి గెంటినవాళ్లు తమను తాము మద్యంలో ముంచుకుంటున్నవాళ్లే అన్నది నిజం. అభిమానులు వాళ్లకు పెట్టిన ముద్దుపేరు 'ఆల్కహాలికా'.

ఆ బస్సులో కాలిఫోర్నియా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ అణ్వాయుధాల మీద వేసిన కరపత్రం మస్టేన్ చేతికి దొరికింది. అందులో 'మెగాడెత్' అన్న మాట ఉంది. అణుయుద్ధం లెక్కల్లో పది లక్షల చావులకు అది కొలమానం. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తీసేసి దాన్నే తన కొత్త బ్యాండ్ పేరు చేసుకున్నాడు.

మస్టేన్‌ను పంపించారు గానీ అతని బాణీలను పంపించలేదు. తొలి ఆల్బమ్ 'కిల్ దెమ్ ఆల్'లో నాలుగు పాటలకు రచయితల్లో ఒకడిగా అతని పేరుంది, రెండో ఆల్బమ్‌లో మరో రెంటికి. వాటిలో 'ద ఫోర్ హార్స్‌మెన్' అతని బాణీయే. మస్టేన్ 1985లో మెగాడెత్ తొలి ఆల్బమ్‌లో అదే బాణీని పాత సాహిత్యంతో, 'మెకానిక్స్' పేరుతో, రెట్టించిన వేగంతో వాయించి వదిలాడు. పాట పాటలా లేదు, సవాలులా ఉంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వింటే బస్సు దిగినవాడి కోపం ఎంతటిదో అర్థమవుతుంది.

పేరు మార్చకపోతే అమ్మం

'కిల్ దెమ్ ఆల్' అసలు పేరు ఇది కాదు. మొదట అనుకున్న పేరు ఇక్కడ అచ్చు వేయడానికి కుదరనంత బూతు. దుకాణాలకు చేరవేసే పంపిణీదారులు ససేమిరా అన్నారు. చంపేయాలి వీళ్లందర్నీ అని క్లిఫ్ విసుక్కున్న మాటే శీర్షిక అయింది. ఆ రికార్డు వేసిన జాన్ జజూలా సంగీత కంపెనీ యజమానేమీ కాదు. న్యూజెర్సీలో పాత సామాన్ల సంతలో రికార్డుల కొట్టు నడిపేవాడు. పెద్ద కంపెనీలేవీ ముందుకు రాకపోతే భార్య మార్షాతో కలిసి తనే మెగాఫోర్స్ అనే కంపెనీ పెట్టేశాడు.

జజూలాకు మెటాలికా పరిచయమైంది చేతులు మారుతూ వచ్చిన డెమో టేపు ద్వారా. అప్పట్లో మెటల్ అభిమానులు క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకుని పోస్టులో ఒకరికొకరు పంపుకునేవారు. మెటాలికా పేరు ఖండాలు దాటింది ఆ ఉచిత పంపకాలతోనే. ఇదే మెటాలికా 2000లో, ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే సేవ నాప్‌స్టర్ మీద కేసు వేసింది. తమ పాటలు పంచుకున్నారంటూ 3 లక్షల 35 వేలకు పైగా వాడుకరుల పేర్లను అచ్చు తీయించి, పెట్టెల్లో సర్ది, లార్స్ స్వయంగా నాప్‌స్టర్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ దృశ్యం బ్యాండ్ పరువు తీసింది. టేపుల రోజుల అభిమానులు దాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

ఇస్పేట్ ఆసు

1986 మార్చిలో 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వచ్చింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన రికార్డింగుల జాబితాకెక్కిన మొదటి మెటల్ ఆల్బమ్ ఇదే. సెప్టెంబరు 26 రాత్రి స్టాక్‌హోమ్‌లో కచేరీ ముగించుకుని బస్సులో కోపెన్‌హేగన్ బయలుదేరారు. బస్సులో ఏ పడక ఎవరిదన్న దానికి పేకముక్కలు తీశారు. క్లిఫ్‌కు ఇస్పేట్ ఆసు పడింది. మస్టేన్ స్థానంలో వచ్చిన గిటారిస్టు కిర్క్ హామెట్ పడకను అతను కోరుకున్నాడు. తెల్లవారుజామున దక్షిణ స్వీడన్‌లో బస్సు అదుపుతప్పి పల్టీ కొట్టింది. క్లిఫ్ కిటికీలోంచి బయట పడ్డాడు, బస్సు అతని మీద పడింది. వయసు 24 ఏళ్లు.

రోడ్డు మీద మంచు పేరుకుని జారిందన్నాడు డ్రైవరు. ఆ చలిలో ఒంటిమీద సరిగా బట్టలు కూడా లేకుండా హెట్‌ఫీల్డ్ ఆ మంచు కోసం రోడ్డంతా వెతికాడు. అతనికి కనబడలేదు.

వినిపించని బేస్

ఆరు వారాలకే, నవంబరు 8న, కొత్త బేస్ గిటారిస్టుతో కచేరీ చేశారు. అతని పేరు జేసన్ న్యూస్టెడ్. అరిజోనాలో 'ఫ్లాట్‌సమ్ అండ్ జెట్‌సమ్' బ్యాండ్‌ను నడుపుతున్నవాడు, పైగా మెటాలికాకు వీరాభిమాని. పోయినవాడి కోసం సరిగా ఏడవని ముగ్గురూ వచ్చినవాడి మీద పడ్డారు. కొత్త కోడలికి పెట్టే ఆరళ్లు దీని ముందు దిగదుడుపే. తిన్నవీ తాగినవీ హోటల్లో అతని గది లెక్కలో రాయించేవారు. అర్ధరాత్రి తలుపులు బాది లోపల జొరబడి, అతను పడుకున్న పరుపును అతని మీదికే తిరగేసేవారు. ఇదంతా సరదా అన్నారు. న్యూస్టెడ్ పళ్లబిగువున భరించాడు.

అసలు శిక్ష 1988లో పడింది. 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్‌లో గిటార్లు కోతల్లా వినిపిస్తాయి, డ్రమ్ములు ఠకఠకమంటాయి, బేస్ దాదాపు వినబడనే వినబడదు. ఒక మనిషి ఆల్బమ్ మొత్తం వాయించాడు, శ్రోతకు మాత్రం అతను లేడు. మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత కాలంలో చెప్పిన ప్రకారం, బేస్‌ను వినీ వినబడనంతగా తగ్గించమన్నది లార్స్. తగ్గించాక, దాన్ని ఇంకొంచెం తగ్గించమన్నాడట. ఏళ్ల తర్వాత లార్స్ ఎదురుపడి, అవునూ ఆ ఆల్బమ్‌లో బేస్ ఏమైపోయిందని అడిగితే తనకు చిర్రెత్తుకొచ్చిందనీ థాంప్సన్ చెప్పాడు. కచేరీల హోరులో లార్స్, హెట్‌ఫీల్డ్‌ల చెవులు దిబ్బళ్లు పడ్డాయనీ, హెట్‌ఫీల్డ్ గిటార్ శబ్దమే బేస్ స్థాయిని మింగేసిందనీ రకరకాల సంజాయిషీలున్నాయి. అవీ కొంత నిజమే కావచ్చు. కానీ క్లిఫ్ బేస్‌కు ఇలా జరిగి ఉండేదా? నేనైతే నమ్మను.

అభిమానులు ఊరుకోలేదు. బేస్ పెంచిన సొంత మిక్సులు చేసి 'అండ్ జస్టిస్ ఫర్ జేసన్' పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. 2018లో బ్యాండ్ ఆ ఆల్బమ్‌ను శుద్ధి చేసి మళ్లీ విడుదల చేసినా, బేస్‌ను మాత్రం ముట్టుకోలేదు. చరిత్రను మార్చకూడదన్నారు. చరిత్ర రాసింది తామేనన్న సంగతి మర్చిపోయినట్టున్నారు.

అదే ఆల్బమ్‌తో ఇంకో తమాషా. గ్రామీ అవార్డుల్లో 1989లో తొలిసారి హార్డ్ రాక్, మెటల్‌కు ఒక విభాగం పెట్టారు. మెటాలికా వేదిక మీద 'వన్' వాయించింది. అవార్డు మాత్రం వేణువు ఊదే ఇయాన్ ఆండర్సన్ బ్యాండ్ జెత్రో టల్‌కు వెళ్లింది. తమకెలాగూ రాదనుకుని వాళ్లు ఆ సభకే రాలేదు! 1992లో గ్రామీ అందుకుంటూ, ఈసారి ఆల్బమ్ తేనందుకు జెత్రో టల్‌కు కృతజ్ఞతలని లార్స్ చమత్కరించాడు. 1991లో టల్ ఆల్బమ్ ఒకటి వచ్చిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఒక చేతిలో ఫోన్

'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' మొదట్లో వచ్చే స్వరాలు గిటార్ నేర్చుకునేవాళ్లు తొలి వారంలోనే పట్టేస్తారు. ఎందుకంటే వాటికి ఎడమచేత్తో తీగ నొక్కే పనే లేదు. హెట్‌ఫీల్డ్ ప్రియురాలితో ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ, రెండో చేత్తో ఊరికే తీగలు మీటుతుంటే పుట్టిన బాణీ అది. ఎవరికీ వినిపించాలనుకోలేదు. లార్స్ విని పట్టుబట్టాడు.

ఆ పాట ఉన్న 1991 నాటి ఆల్బమ్‌ను అట్ట రంగును బట్టి బ్లాక్ ఆల్బమ్ అంటారు. ఒక్క అమెరికాలోనే కోటీ అరవై లక్షలకు పైగా అమ్ముడైంది. నిర్మాత బాబ్ రాక్ ముందు వీళ్లకు చెప్పిన పాఠం చిన్నదే. నలుగురూ ఒకే గదిలో నిలబడి కలిసి వాయించండి అన్నాడు. అంతకుముందు ఎవరి ముక్క వాళ్లు విడివిడిగా వాయించి అతికించేవారు. ఈసారి న్యూస్టెడ్ బేస్ గుండెకు తగిలేలా వినిపిస్తుంది. రికార్డింగ్ నడుస్తుండగానే లార్స్, హామెట్, న్యూస్టెడ్ ముగ్గురి కాపురాలూ కూలిపోయాయి.

నెలకు 40 వేల డాలర్ల మనస్తత్వ నిపుణుడు

న్యూస్టెడ్ 14 ఏళ్లు ఓపికపట్టాడు. 2000 ప్రాంతంలో 'ఎకోబ్రెయిన్' అని మిత్రులతో చిన్న బ్యాండ్ ఒకటి పెట్టుకున్నాడు. ఒకేసారి రెండు పడవలు కుదరవని హెట్‌ఫీల్డ్ అడ్డం పడ్డాడు. మనసులు కలపడానికి మేనేజర్లు ఫిల్ టౌల్ అనే నిపుణుణ్ని తీసుకొచ్చారు. అతని ఫీజు నెలకు 40 వేల డాలర్లు. అయినా 2001 జనవరిలో న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. కొద్ది నెలలకే హెట్‌ఫీల్డ్ మద్యం మాన్పించే కేంద్రంలో చేరాడు.

ఆ తర్వాతి కథ చాలావరకు కెమెరా ముందే జరిగింది. ఆల్బమ్ తయారీ చిత్రీకరించడానికి వచ్చిన జో బెర్లింజర్, బ్రూస్ సినోఫ్‌స్కీల చేతికి ఓ సంసారం విచ్ఛిన్నమయ్యే కథ దొరికింది. 2004లో వచ్చిన 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' డాక్యుమెంటరీ అదే. చికిత్స నుంచి వచ్చిన హెట్‌ఫీల్డ్ మధ్యాహ్నం 12 నుంచి 4 వరకే పని చేస్తానంటాడు. తను లేనప్పుడు మిగతావాళ్లు రికార్డింగులు వినకూడదంటాడు. లార్స్ గదిలో పచార్లు చేస్తూ మొహంలో మొహం పెట్టి అరుస్తాడు. లార్స్ తండ్రి టోర్బెన్ తెల్లటి గడ్డంతో తాపీగా కూర్చుని, కొడుకు గర్వంగా వినిపించిన ట్రాక్ విని, దాన్ని చెరిపేయమంటాడు. సినిమా మొత్తంలో వివేకం ఉన్న మనిషి ఆయనొక్కడే అనిపిస్తుంది. నిపుణుడు కూడా చివరికి తానూ బ్యాండ్‌లో సభ్యుణ్నే అనుకునే దశకు వచ్చి, పాటలకు సాహిత్యం సూచించడం మొదలుపెడతాడు. అతన్ని సాగనంపడానికి బ్యాండ్ మళ్లీ ఏకమైంది. చికిత్స ఫలించిందనే అనుకోవాలి!

ఆ రోజుల్లో పుట్టిన 'సెయింట్ యాంగర్' ఆల్బమ్‌లో లార్స్ డ్రమ్ము ఖాళీ డబ్బా కొట్టినట్టు మోగుతుంది. స్నేర్ డ్రమ్ము అడుగు తీగలు వదులు చేసి, అదే బాగుందని అలాగే ఉంచేశాడు. గిటార్ సోలోలు ఒక్కటీ లేవు. అవి తీసేస్తే ఆల్బమ్‌కు కాలదోషం పడుతుందని హామెట్ సినిమాలోనే మొత్తుకుంటాడు. వినేవాడెవడు? వినడానికి కష్టమైన ఆల్బమ్ అది. అయినా దాని శీర్షిక పాటకు గ్రామీ వచ్చింది.

న్యూస్టెడ్ స్థానంలో 2003లో రాబర్ట్ ట్రుహీయోను తీసుకుంటూ, చేరినందుకే పది లక్షల డాలర్లు ముందస్తుగా ఇచ్చారు. న్యూస్టెడ్‌కు చేసిందేమిటో అప్పటికి తెలిసొచ్చినట్టుంది.

గుర్గావ్‌లో రభస, బెంగళూరులో కచేరీ

మెటాలికా మన దేశానికి 2011 అక్టోబరులో వచ్చింది. 28న గుర్గావ్‌లో జరగాల్సిన కచేరీ, వేదిక ముందు బారికేడ్లు విరగడంతో ఆగిపోయింది. కోపంతో జనం వేదికెక్కి సామాను ధ్వంసం చేశారు. 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం కచేరీ పూర్తిగా జరిగింది. మన వైపు నుంచీ బస్సులూ రైళ్లూ ఎక్కి వెళ్లిన కుర్రాళ్లు అక్కడ తడిసిన నేల మీదే నిలబడి విన్నారు. హైదరాబాద్‌లో ఇప్పుడు గాడ్‌లెస్ వంటి డెత్ మెటల్ బ్యాండ్లు సొంతంగా ఆల్బమ్‌లు తెస్తున్నాయంటే, ఆ తరం ఎక్కడికీ పోలేదన్నమాట.

ఇంతకీ మస్టేన్ ఏమయ్యాడు?

బాగానే బతికాడు. మెగాడెత్ 1992 ఆల్బమ్ 'కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్' అమెరికా పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. మొదటి స్థానానికి అడ్డుపడింది కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్. రెండో స్థానమన్నది మస్టేన్ జాతకంలోనే రాసినట్టుంది. మెటాలికా డాక్యుమెంటరీలో లార్స్ ఎదురుగా కూర్చుని, ఎప్పటికీ రెండోవాణ్నేనన్న బాధ వెళ్లగక్కుతాడు. కోట్ల రికార్డులు అమ్మిన మనిషి! ఆ సన్నివేశం సినిమాలో పెట్టినందుకు తర్వాత మళ్లీ అలిగాడు.

2009లో మెటాలికాను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు క్లిఫ్ తరఫున అతని తండ్రి రే బర్టన్ గౌరవం అందుకున్నాడు. న్యూస్టెడ్, ట్రుహీయో ఒకే వేదిక మీద బేస్ వాయించారు. మస్టేన్ పేరు జాబితాలో లేదు. 2010 జూన్‌లో సోఫియా నగరంలో మెటాలికా, మెగాడెత్, స్లేయర్, ఆంత్రాక్స్ ఒకే వేదికనెక్కినప్పుడు మాత్రం హెట్‌ఫీల్డ్, మస్టేన్ అందరి ముందూ కౌగలించుకుని కలిసి వాయించారు. బస్సు టికెట్ చేతిలో పెట్టిన 27 ఏళ్ల తర్వాత.

కొత్తగా వినబోయేవారికి ఒక మాట. 'ఎంటర్ శాండ్‌మన్'తో మొదలుపెట్టమని అందరూ చెబుతారు, అదెలాగూ ఎక్కడో ఒకచోట మీ చెవిన పడే ఉంటుంది. మీరు 'ఒరాయన్'తో మొదలుపెట్టండి. మాటల్లేని ఎనిమిది నిమిషాల పైచిలుకు సంగీతం, క్లిఫ్ బర్టన్ బేస్ ఏమిటో తెలుస్తుంది. తర్వాత జస్టిస్ ఆల్బమ్‌లోని 'బ్లాకెన్డ్' పెట్టండి. దాని రచనలో న్యూస్టెడ్‌కూ భాగముంది, బేస్ మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఆ వెంటనే బ్లాక్ ఆల్బమ్‌లోని 'మై ఫ్రెండ్ ఆఫ్ మిజరీ' వినండి. ఆ పాట మొదలయ్యేదే న్యూస్టెడ్ బేస్‌తో.